షుగర్ అదుపులోకి వచ్చాక కాళ్లలో మంటలు, తిమ్మిర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ మూడొందలు, నాలుగొందలు ఉన్నన్నాళ్లూ ఏ బాధా తెలియదు. మందులు క్రమం తప్పకుండా వేసుకుని, తిండి మార్చుకుని, రిపోర్టు బాగా వచ్చిందని ఊపిరి పీల్చుకునే సమయానికి అరికాళ్లలో మంటలు మొదలవుతాయి. దాంతో చాలామంది "ఈ మందులే నన్ను పాడు చేశాయి" అనుకుని వాటిని పక్కన పెట్టేస్తారు. ఆ ఒక్క నిర్ణయం వల్ల జరిగే నష్టం పెద్దది. అది ఆపాలనే ఈ ప్రశ్నలూ జవాబులూ.

షుగర్ తగ్గాక నొప్పి మొదలవడం నిజంగా ఉంటుందా? నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

నిజంగానే ఉంటుంది. ఇన్సులిన్‌ను మనుషులకు మొదటిసారి ఇచ్చింది 1922లో. ఆ తర్వాత పదేళ్లు దాటగానే, 1933లో, కరవాటి అనే వైద్యుడు ఇన్సులిన్ మొదలుపెట్టాక తీవ్రమైన నరాల నొప్పి వచ్చిన ఒక రోగి గురించి రాశాడు. దాంతో దీనికి ఇన్సులిన్ న్యూరైటిస్ (ఇన్సులిన్ వల్ల వచ్చే నరాల వాపు) అనే పేరు వచ్చి, నిందంతా ఇన్సులిన్ మీద పడింది. తర్వాత మాత్రలతో షుగర్ తగ్గించుకున్నవాళ్లలోనూ, కేవలం తిండి బాగా తగ్గించినవాళ్లలోనూ ఇదే నొప్పి కనిపించింది. అంటే సమస్య ఫలానా మందుతో కాదు. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ తక్కువ కాలంలో బాగా పడిపోవడంతో.

ఇంట్లోవాళ్లు "రిపోర్టు నార్మల్‌గా ఉంది కదా, నొప్పేమిటి?" అంటే నొచ్చుకోకండి, వాళ్లకు ఈ సంగతి తెలియదు. అన్ని ఆస్పత్రుల్లోనూ దీన్ని వెంటనే గుర్తుపడతారని కూడా చెప్పలేం. అందుకే రోగికే దీని గురించి కాస్త తెలిసి ఉండటం మంచిది.

ఎంత వేగంగా తగ్గితే ఈ నొప్పి వస్తుంది?

దీనికి హెచ్‌బిఎ1సి పరీక్షే కొలత. గత రెండు మూడు నెలల సగటు షుగర్ ఎంతో అది చెబుతుంది. మూడు నెలల వ్యవధిలో ఈ అంకె 2 లేదా అంతకన్నా ఎక్కువ పాయింట్లు తగ్గి, ఆ తగ్గుదల తర్వాత 8 వారాల లోపు నొప్పి మొదలైతే డాక్టర్లు ఈ జబ్బును అనుమానిస్తారు. ఉదాహరణకు 12 ఉన్నది మూడు నెలల్లో 8కి రావడం అంటే 4 పాయింట్ల తగ్గుదల.

2015లో క్రిస్టఫర్ గిబ్బన్స్, రాయ్ ఫ్రీమన్ అనే ఇద్దరు నరాల వైద్యులు 954 మంది రోగుల వివరాలు పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో దాదాపు 11 శాతం మందికి ఈ రకం నొప్పి ఉన్నట్టు తేలింది. మూడు నెలల్లో 2 నుంచి 3 పాయింట్లు తగ్గినవాళ్లలో ముప్పు 20 శాతం ఉంటే, 4 పాయింట్లకు మించి తగ్గినవాళ్లలో 80 శాతం దాటింది. ఈ అంకెలు చూసి భయపడకండి. వాళ్లంతా నరాల సమస్యతో ప్రత్యేక ఆస్పత్రికి పంపినవాళ్లు, అందుకే ఆ శాతాలు అంత ఎక్కువ. షుగర్ ఉన్న అందరికీ ఇవే లెక్కలు వర్తించవు. కానీ తగ్గుదల ఎంత పెద్దదైతే ముప్పు అంత పెరుగుతుందన్న విషయం మాత్రం ఇందులో స్పష్టంగా ఉంది.

షుగర్ తగ్గితే నరాలకు మంచిది కదా? మరి నొప్పి ఎందుకు?

మంచిదే. 1993లో ఫలితాలు వెలువడిన డిసిసిటి అనే పెద్ద అధ్యయనంలో, షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టిన టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) రోగుల్లో నరాల జబ్బు సుమారు 60 శాతం తగ్గింది. టైప్ 2 (ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయని రకం) వాళ్లలో ప్రయోజనం అంత పెద్దగా కనబడలేదు కానీ, ఉంది.

ఈ నొప్పికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. ఉన్న వివరణల్లో ఒకటి రక్తప్రసరణకు సంబంధించినది. నరాల చుట్టూ ఉండే సన్నని రక్తనాళాలు ఏళ్ల తరబడి ఎక్కువ షుగర్‌కు అలవాటు పడి మారిపోయి ఉంటాయి. షుగర్ ఒక్కసారిగా పడిపోయినప్పుడు రక్తం నరానికి సరిగ్గా అందకుండా పక్కదారి పట్టి, నరానికి ఆక్సిజన్ తగ్గుతుందని అంటారు. రెండో వివరణ, ఎక్కువ షుగర్‌తో నడిచిన నరానికి మామూలు స్థాయి కూడా కొరతలాగే అనిపిస్తుందని. నొప్పినీ వేడినీ మోసుకెళ్లే చాలా సన్నని నరాల పోగులే ఎక్కువగా దెబ్బతింటాయన్నది మాత్రం పరీక్షల్లో కనబడిన విషయం.

ఈ నొప్పి ఎలా ఉంటుంది?

మంట, సూదులతో గుచ్చినట్టు, కరెంటు షాక్ కొట్టినట్టు, చీమలు పాకినట్టు... ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. సాధారణంగా రెండు పాదాల్లోనూ మొదలవుతుంది. కొందరికి చేతులకు, ఛాతీకి, పొట్టకు, చివరికి ఒళ్లంతా కూడా పాకుతుంది. రాత్రి పూట ఎక్కువ. దుప్పటి తగిలినా, సాక్స్ వేసుకున్నా భరించలేనంత బాధ ఉండొచ్చు. పైకి చూస్తే పాదం మామూలుగానే కనబడుతుంది.

నొప్పితో పాటు మరికొన్ని మార్పులు వస్తాయి. చాలామంది వీటిని నొప్పితో కలిపి ఆలోచించరు. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, చెమటలు మరీ ఎక్కువగా పట్టడం లేదా అసలు పట్టకపోవడం, కొద్దిగా తినగానే పొట్ట నిండిపోవడం, వాంతి వచ్చేట్టుండటం, విరేచనాలు లేదా మలబద్ధకం, మగవాళ్లలో అంగస్తంభన సమస్య. ఇవన్నీ మన ప్రమేయం లేకుండా ఒంటి పనులు నడిపే నరాలు దెబ్బతిన్నందువల్ల వచ్చేవి. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి, ఎందుకంటే ఏ నొప్పి మందు ఇవ్వాలన్నది వీటిని బట్టి మారుతుంది.

షుగర్ వాళ్లకు మామూలుగా వచ్చే నరాల జబ్బుకూ దీనికీ తేడా ఏమిటి?

మామూలు డయాబెటిక్ న్యూరోపతీ ఏళ్ల మీద నెమ్మదిగా వస్తుంది. కాలివేళ్ల దగ్గర మొద్దుబారడంతో మొదలై మెల్లగా పైకి పాకుతుంది. చాలామందికి నొప్పే ఉండదు, స్పర్శ పోవడమే ప్రధాన సమస్య. ఇక్కడ చెప్పుకుంటున్నది వారాల్లో ముంచుకొస్తుంది, నొప్పి చాలా తీవ్రంగా ఉంటుంది, షుగర్ బాగా తగ్గిన సమయానికి సరిగ్గా కలుస్తుంది. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. పాదాలు ముందునుంచీ మొద్దుబారి ఉండి, దాని మీద కొత్తగా మంటలు మొదలవడం అలాంటిదే.

మందులు ఆపేసి షుగర్ మళ్లీ పెంచితే నొప్పి పోతుందా?

దయచేసి ఆ పని చేయకండి. షుగర్ మళ్లీ పెరిగితే నరాలతో పాటు కళ్లు, కిడ్నీలు, గుండె దెబ్బతింటాయి. ఆ తర్వాత మళ్లీ తగ్గించక తప్పదు, మళ్లీ అదే ముప్పు. టైప్ 1 ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఆపితే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) వచ్చి ప్రాణానికే ప్రమాదం, అదీ రోజుల్లోనే.

చేయాల్సింది వేరే ఉంది. సాధించిన అదుపును నిలబెట్టుకోవాలి, షుగర్ ఎక్కువ తక్కువలుగా ఊగిసలాడకుండా చూసుకోవాలి, 70 కంటే కిందికి పడకుండా జాగ్రత్తపడాలి. ఇంకా తగ్గించాల్సి ఉంటే వేగం తగ్గించే విషయం డాక్టర్‌తో మాట్లాడాలి. మోతాదు మార్చే నిర్ణయం డాక్టర్‌ది. కానీ "షుగర్ తగ్గాకే నొప్పి మొదలైంది" అని చెప్పాల్సింది మాత్రం మీరే. ఆ ఒక్క మాట చెప్పకపోతే ఎదుటివాళ్లకు ఈ ఆలోచనే రాకపోవచ్చు.

ఎన్నాళ్లు ఉంటుంది? జీవితాంతం ఇంతేనా?

చాలామందికి నెలల మీద మెల్లగా తగ్గుతుంది. సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ల లోపు గణనీయమైన మార్పు కనబడుతుంది. మొదటి కొన్ని నెలలే గడ్డుకాలం. టైప్ 1 వాళ్లలో లేచినప్పుడు కళ్లు తిరగడం లాంటి లక్షణాలు కూడా తగ్గే అవకాశం ఎక్కువ. అందరికీ పూర్తిగా పోతుందని హామీ ఇవ్వడం న్యాయం కాదు, కొందరికి కొంత మిగులుతుంది. అయినా, ఏళ్ల తరబడి వచ్చిన మామూలు నరాల జబ్బుతో పోలిస్తే ఇది కోలుకునే అవకాశం ఎక్కువున్న సమస్య. నొప్పితో నిద్రలేని రాత్రి ఈ మాట గుర్తుంచుకోవడం అవసరం.

తిమ్మిర్లు వస్తున్నాయంటే నరాలు బాగవుతున్నట్టేనా?

కొన్నిసార్లు అవుననే చెప్పాలి. చాలాసేపు మడిచి కూర్చున్న కాలు చాపగానే ముందు జివ్వుమని, తర్వాత మామూలైనట్టు, తిరిగి పెరిగే నరాల పోగులు కొంతకాలం తప్పుడు సంకేతాలు పంపుతాయి. నరాలు పెరిగే వేగం చాలా తక్కువ, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. పాదం దాకా పోవాలంటే ఎంత సమయం పడుతుందో ఊహించండి.

కానీ ఈ మాటతో ఊరడిల్లి పరీక్షలు మానేయడం తప్పు. తిమ్మిరిని బట్టి నరం బాగవుతోందో పాడవుతోందో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. స్పర్శ తెలుస్తోందా, బలం ఉందా, పైకి పాకుతోందా అన్నవి పరీక్షించి చూడాల్సిందే.

వేరే కారణాలు కూడా ఉండొచ్చా?

ఉండొచ్చు. అన్నింటికన్నా ముందు చూడాల్సింది విటమిన్ బి12. షుగర్‌కు ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినప్పుడు కొందరిలో బి12 తగ్గుతుంది. మాంసాహారం అసలు తిననివాళ్లలో ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ. బి12 తక్కువైతే వచ్చే తిమ్మిర్లు, మంటలు అచ్చం షుగర్ నరాల జబ్బులాగే ఉంటాయి. తేడా ఏమిటంటే దీన్ని ఒక రక్తపరీక్షతో పట్టుకుని సరిచేయొచ్చు. మెట్‌ఫార్మిన్ వాడుతూ తిమ్మిర్లున్న ప్రతి ఒక్కరూ ఈ పరీక్ష అడిగి చేయించుకోవాలి.

థైరాయిడ్ తగ్గడం, కిడ్నీ జబ్బు, మద్యం, కొన్ని క్యాన్సర్ మందులు, నడుము దగ్గర నరం నొక్కుకుపోవడం కూడా కారణాలే. చేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మాత్రమే తిమ్మిరెక్కుతుంటే, అదీ రాత్రుళ్లు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుని ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మామూలుగానే ఎక్కువ, దీనికి చికిత్స పూర్తిగా వేరు.

ఒకవైపు తొడలో తీవ్రమైన నొప్పి వచ్చి, ఆ తొడ సన్నబడి, మెట్లెక్కలేకపోతుంటే అది ఇంకో రకం షుగర్ నరాల జబ్బు. బరువు కూడా బాగా తగ్గుతుంది. దాన్ని నరాల డాక్టర్ చూడాలి.

ఏ పరీక్షలు చేస్తారు?

మంచి పరీక్షలో ఎక్కువ భాగం చేత్తో చేసేదే. 10 గ్రాముల ఒత్తిడితో వంగే సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి స్పర్శ చూస్తారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో ప్రకంపన తెలుస్తోందో లేదో, గుండుసూది మొనతో నొప్పి తెలుస్తోందో లేదో చూస్తారు. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా బీపీ కొలుస్తారు.

నరాల కండక్షన్ పరీక్ష నార్మల్ వచ్చినంత మాత్రాన "మీకేమీ లేదు" అనుకోకండి. ఆ పరీక్ష లావుపాటి నరాల పోగులనే కొలుస్తుంది. ఈ నొప్పి సన్నని పోగుల్లో మొదలవుతుంది కాబట్టి అందులో కనబడకపోవచ్చు. అవసరమైతే చిన్న చర్మపు ముక్క తీసి ఆ సన్నని పోగులను లెక్కపెట్టే పరీక్ష ఉంది.

నొప్పికి ఏ మందులు పనిచేస్తాయి?

మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొనుక్కుని రోజూ వేసుకుంటే కిడ్నీలకు నష్టం, షుగర్ ఉన్నవాళ్లకు మరీను.

నరాల నొప్పికి వాడేవి వేరు: ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డ్యులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్. వీటిలో కొన్ని ఫిట్స్‌కు, కొన్ని డిప్రెషన్‌కు కూడా వాడే మందులు. చీటీలో అది చూసి "నాకు మానసిక జబ్బని రాశారు" అని బాధపడేవాళ్లున్నారు. అలా ఏమీ కాదు. నరం నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను ఇవి తగ్గిస్తాయి, వాడేది అందుకే.

తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడు రోజులు వాడి పనిచేయలేదని మానేస్తే మందుకు అవకాశమే ఇవ్వనట్టు. ప్రీగాబలిన్, గాబాపెంటిన్‌తో మత్తు, కళ్లు తిరగడం, కాళ్ల వాపు, బరువు పెరగడం ఉండొచ్చు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు మోతాదు తగ్గించాలి. డ్యులాక్సెటిన్‌తో మొదట్లో వికారం ఉంటుంది, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వరు. అమిట్రిప్టిలిన్ నిద్రకు సాయపడుతుంది కానీ నోరు ఎండిపోవడం, మూత్రం ఆగడం ఉంటాయి. లేచి నిలబడితే బీపీ పడిపోయేవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇది చాలా జాగ్రత్తగా ఇవ్వాల్సిన మందు. వీటిలో దేన్నీ ఒక్కసారిగా ఆపకూడదు.

పైపూతగా క్యాప్సైసిన్ క్రీము, లిడోకైన్ ప్యాచ్ కొందరికి పనికొస్తాయి. పగిలిన చర్మం మీద రాయకూడదు.

ఈ రకం నొప్పి మందులకు అంత తేలిగ్గా లొంగదు, రెండు మందులు కలిపి ఇవ్వాల్సి రావచ్చు. నొప్పి సున్నా కావాలని పట్టుబట్టకుండా, నిద్ర పట్టేంత, నడవగలిగేంత తగ్గితే అది మంచి ఫలితమే అనుకోండి. మార్ఫిన్ తరహా మందులు, ట్రమడాల్ సహా, అలవాటుగా మారే ప్రమాదం ఉంది కాబట్టి వీలైనంత దూరంగా ఉంచడమే నా సలహా.

నరాల బలానికి విటమిన్ మాత్రలు వేసుకోవచ్చా?

బి12 తక్కువ ఉంటే తప్పకుండా. లోపం లేకుండా వాడితే ఈ నొప్పి తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి: విటమిన్ బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది. రెండు మూడు రకాల విటమిన్ మాత్రలు కలిపి వాడేవాళ్లు అన్నింటిలో కలిపి బి6 ఎంత ఉందో ఒకసారి చూపించుకోవాలి.

రాత్రిపూట మంటలకు ఇంట్లో ఏం చేయొచ్చు?

దుప్పటి పాదాలకు తగలకుండా పైకి ఎత్తి ఉండేలా ఏదైనా అడ్డు పెట్టండి. వదులైన నూలు సాక్స్ కొందరికి హాయిగా ఉంటాయి. చల్లటి నీళ్లలో కాసేపు పాదాలు పెట్టడం ఫరవాలేదు కానీ ఐసు వద్దు. వేడినీళ్లు, హాట్ వాటర్ బ్యాగ్, హీటర్ అసలే వద్దు. స్పర్శ తగ్గిన పాదానికి కాలిన సంగతి కూడా తెలియదు. మంటగా ఉన్న పాదంలో స్పర్శ తగ్గి ఉండటం వింతగా అనిపిస్తుంది, కానీ రెండూ కలిసే ఉంటాయి.

పగలు కాస్త నడవడం నొప్పికీ నిద్రకూ మంచిది. రోజూ పడుకునే ముందు రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూసుకోండి. కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. చెప్పులు లేకుండా ఇంట్లో కూడా తిరగవద్దు.

నోటి చుట్టూ తిమ్మిరి వస్తోంది. ఇదీ నరాల జబ్బేనా?

పెదాల చుట్టూ తిమ్మిరి, వణుకు, చెమట, గుండెదడ హఠాత్తుగా వస్తే అది లో షుగర్ కావచ్చు. వెంటనే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. చాలాకాలం ఎక్కువ షుగర్ ఉన్నవాళ్లకు మామూలు స్థాయికి వచ్చిన కొత్తలో 110 ఉన్నా ఇవే లక్షణాలు రావచ్చు. ఒళ్లు అలవాటు పడ్డాక అవి పోతాయి.

కళ్లు కూడా చూపించుకోమన్నారు. నొప్పి కాళ్లలో ఉంటే కళ్లెందుకు?

షుగర్ వేగంగా పడినప్పుడు నరాల్లో జరిగేదే కంటి వెనక పొర అయిన రెటీనాలోనూ జరగొచ్చు. ముందునుంచీ రెటీనా దెబ్బతిని ఉంటే మొదటి ఏడాదిలో అది తాత్కాలికంగా ముదరవచ్చని డిసిసిటి అధ్యయనంలోనే తెలిసింది. దీర్ఘకాలంలో మాత్రం అదుపు వల్ల కంటికి మేలే. 2016లో వచ్చిన సెమాగ్లుటైడ్ అనే షుగర్ మందు అధ్యయనంలోనూ రెటీనా సమస్యలు కొంత ఎక్కువగా కనిపించాయి. షుగర్ త్వరగా తగ్గడమే దానికి కారణమై ఉండొచ్చని నిపుణులు భావించారు. ఈ నొప్పి వచ్చినవాళ్లు కంటిపాపకు చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష కచ్చితంగా చేయించుకోవాలి.

నా షుగర్ ఇంకా చాలా ఎక్కువే. ఈ నొప్పి రాకుండా ఎలా తగ్గించుకోవాలి?

హెచ్‌బిఎ1సి 10 దాటినవాళ్లు ముందే ఈ మాట డాక్టర్‌తో ఎత్తడం మంచిది. అత్యవసరం లేనప్పుడు మూడు నెలల్లో 2 పాయింట్లకు మించకుండా మెల్లగా తగ్గించడం చాలామంది నిపుణులు ఇచ్చే సలహా. మందులు పెంచడం, తిండి బాగా తగ్గించడం, బరువు వేగంగా తగ్గడం మూడూ ఒకేసారి జరిగితే షుగర్ అనుకున్నదానికన్నా వేగంగా పడుతుంది.

గర్భిణులకు, ఆపరేషన్ అవసరమైనవాళ్లకు, కీటోఅసిడోసిస్ వచ్చినవాళ్లకు ఈ నెమ్మది కుదరదు. అక్కడ త్వరగా తగ్గించకపోతే జరిగే నష్టం ఈ నొప్పికన్నా చాలా పెద్దది.

నొప్పితో నిద్ర లేదు, ఏ పని మీదా మనసు లేదు. ఇది కూడా చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి. రోజుల తరబడి నిద్ర లేకపోతే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది, దిగులు పెరుగుతుంది, తిండి తగ్గిపోతుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఇంట్లో ఎవరికైనా చెప్పి అదే రోజు డాక్టర్‌ను కలవండి. నొప్పి తట్టుకోలేకపోవడం పిరికితనం కాదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఒకవైపు చెయ్యి, కాలు హఠాత్తుగా తిమ్మిరెక్కినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. కాళ్ల బలం రోజుల్లోనే తగ్గుతూ పైకి పాకుతుంటే, మూత్రం లేదా మలం మీద అదుపు పోతే కూడా అంతే. ఒక పాదం ఎర్రగా, వేడిగా వాచిపోతే నొప్పి తక్కువగా ఉందని వదిలేయకండి. లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండొచ్చు, ఆ కాలి మీద బరువు వేయకుండా వెళ్లి చూపించుకోవాలి. పాదం మీద పుండు, నల్లబడిన చర్మం, చీము ఉంటే మర్నాటి దాకా ఆగవద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

గత ఏడాది హెచ్‌బిఎ1సి రిపోర్టులన్నీ, తేదీలతో సహా. ఒక్క తాజా రిపోర్టు సరిపోదు, అంకె ఎంత వేగంగా పడిందో పాతవాటితో పోలిస్తేనే తెలుస్తుంది. ఏ మందు ఎప్పుడు మొదలైంది, మోతాదు ఎప్పుడు పెరిగింది, బరువు ఎంత తగ్గారు, నొప్పి ఏ వారంలో మొదలైంది అన్నవి ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్ ఉంటే అది కూడా తీసుకెళ్లండి, అందులో లో షుగర్ రీడింగులు నిల్వ ఉంటాయి. వాడుతున్న మాత్రలన్నీ, విటమిన్లతో సహా, సంచిలో వేసుకుని వెళితే పేర్లు గుర్తుపెట్టుకునే టెన్షన్ ఉండదు.